దీపం కింద నారు

ఛత్తీస్‌గఢ్‌లో చైత్ర, ఆశ్వయుజ మాసాల నవరాత్రులు వచ్చాయంటే దేవీ ఆలయాల్లో జ్యోతికలశాలు వెలుగుతాయి. రాయ్‌పూర్ పాతబస్తీలోని మహామాయా ఆలయంలో భక్తుల పేరిట వెలిగించే కలశాల సంఖ్య వేలకు చేరుతుంది. ఆ రోజుల్లోనే ఆలయాల్లోనూ, అనేక గృహాల్లోనూ మట్టి పరచి, గోధుమలు చల్లి, జవారా పెంచుతారు. ఎండ సోకని గదిలో, నూనెదీపపు వెలుగులో, తొమ్మిది రోజుల్లో ఆ మొలకలు జానెడు ఎత్తు ఎదుగుతాయి. వాటి రంగు ఆకుపచ్చ కాదు, లేత పసుపు. శ్రావణమాసంలో బాలికలు బుట్టల్లో పెంచే భోజలీ కూడా ఇటువంటిదే. రాఖీపున్నమి మరునాడు భోజలీ బుట్టలను పాటలతో ఊరేగించి చెరువులో నిమజ్జనం చేస్తారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం పూర్తయిన తరువాత ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఆచారం పరాయిదిగా తోచి ఉండదు. పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడం, తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు రాత్రివేళ జరిగే అంకురార్పణ, తెలంగాణ తండాలలో లంబాడీ కన్యలు తొమ్మిది రోజులు జరుపుకొనే తీజ్, ఇవన్నీ ఆ కోవకు చెందినవే. విత్తనాన్ని ఇంటి కప్పు కిందికి తెచ్చి, ఎండకు దూరంగా మొలకెత్తించడం ఈ దేశానికి కొత్త కాదు.

కొత్తది దీపం. రాయ్‌పూర్ వంటి నగరంలో శీతకాలపు పూలమొక్కలు పెంచదలచిన వారికి ఒక చిక్కు ఉంది. పెటూనియా, పాన్సీ, స్నాప్‌డ్రాగన్, ఫ్లాక్స్ వంటివి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నిండుగా పూస్తాయి. మార్చి ఎండలు ముదిరేసరికి వాటి కాలం చెల్లిపోతుంది. కనుక వానలు పూర్తిగా వెనుదిరగక ముందే, సెప్టెంబరులోనే, నారు పోయవలసి ఉంటుంది. పెటూనియా విత్తనాలు ఒక గ్రాముకు సుమారు 10,000 తూగుతాయి. ఒక్క వాన జల్లు చాలు, అవి కొట్టుకుపోవడానికి. మబ్బు పట్టిన ఆకాశం కింద మొలక సన్నగా సాగి పడిపోతుంది. తేమ ఎక్కువైతే నారుకుళ్ళు తెగులు తగులుతుంది. అందువల్ల గదిలో ఒక అరమీద కొబ్బరిపొట్టు నింపిన పళ్ళాలు పెట్టి, వాటికి జానెడు ఎత్తున ఎల్.ఇ.డి. ట్యూబ్‌లైట్లు అమర్చి, రోజుకు పద్నాలుగు గంటలు వెలిగించే పద్ధతి నర్సరీల నుంచి ఇళ్ళకు వ్యాపించింది. ఈ మొలకలు జవారాలాగ పసుపుపచ్చగా ఉండవు. గుబురుగా, ముదురాకుపచ్చగా ఉంటాయి. పూజగదిలోని దీపం మొలకకు తోడుగా ఉంటుంది. అరమీద దీపం మొలకను పోషిస్తుంది. సూర్యుడు చేసే పనిని ఇక్కడ మనిషి తన చేతిలోకి తీసుకున్నాడు.

ఇంత చిన్న విషయంలో ధర్మమీమాంసకు చోటెక్కడిదని ఎవరికైనా అనిపించవచ్చు. కాని పెద్ద ప్రశ్నలు చాలా తరచుగా చిన్న వస్తువులలోనే స్వచ్ఛంగా కనిపిస్తాయి. ఆకలి తీర్చని ఒక పువ్వు కోసం, ఋతువు ఇవ్వని వెలుతురును తయారుచేసుకోవడం న్యాయమేనా? న్యాయమే అయితే, సూర్యుడి స్థానాన్ని ఆక్రమించినవాడిపై ఏయే బాధ్యతలు పడతాయి? ఇవీ ఇక్కడ విచారించవలసిన అంశాలు.

మొదటి ఆక్షేపణ కృత్రిమత్వానికి సంబంధించినది. దీపం కింద పెరిగిన మొక్క ప్రకృతి విరుద్ధమనీ, అందులో అందం ఉన్నా సత్యం లేదనీ వాదించేవారు ఉన్నారు. చరిత్ర తెలిసినవారికి ఈ వాదం బలహీనంగా కనిపిస్తుంది. వరి నారుమడి ప్రకృతిలో ఎక్కడా లేదు. ఒకచోట ఒత్తుగా మొలిపించి, పీకి, మరొకచోట వరుసగా నాటడం మనిషి కల్పించినదే. అకాలంలో పువ్వు పూయించాలన్న కోరిక కూడా విద్యుత్తుతో పుట్టినది కాదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. సురపాలుడి వృక్షాయుర్వేదం పూలరంగులు మార్చడానికీ, కాలం కాని కాలంలో పూయించడానికీ ఉపాయాలు వివరించింది. ఆ ఉపాయాలు ఫలించాయా లేదా అన్నది వేరే సంగతి; కోరిక మాత్రం పాతదే.

స్వదేశీ, విదేశీ అన్న విభజన కూడా ఈ సందర్భంలో నిలవదు. పెటూనియా దక్షిణ అమెరికాది, ఫ్లాక్స్ టెక్సాస్‌ది, డాలియా మెక్సికోది. ఇవి పరాయివని తోసిపుచ్చేవారు బంతిపూల జన్మస్థానం కూడా మెక్సికో ప్రాంతమేనని గుర్తుంచుకోవాలి. తంగేడు, గునుగులతో పాటు బతుకమ్మలో కొలువుదీరిన బంతి, సంక్రాంతి గొబ్బెమ్మల మీద నిలిచిన బంతి, దసరానాడు ప్రతి వాహనానికీ దండగా వేలాడే బంతి, కొన్ని శతాబ్దాల క్రితం ఓడ దిగిన అతిథి. కాలం గడిచినకొద్దీ కృత్రిమం సహజమవుతుంది, పరాయిది సొంతమవుతుంది. కాబట్టి కృత్రిమం అన్న ఒక్క మాటతో దీపం కింది నారును దోషిగా నిలబెట్టడం కుదరదు.

రెండవ ఆక్షేపణ మరికొంత గంభీరమైనది. అన్నం పండించడానికి ఎంత శ్రమపడినా సమంజసమే, అలంకారానికి అంత తాపత్రయం ఎందుకన్నది ఆ వాదం. ఛత్తీస్‌గఢ్‌ను వరి భాండాగారంగా వ్యవహరిస్తారు కనుక ఈ ప్రశ్నకు సమాధానం వరిలోనే వెతకడం ఉచితం. 1970 దశకంలో ప్రసిద్ధ వరి శాస్త్రవేత్త డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా రాయ్‌పూర్ కేంద్రంగా పల్లెపల్లెకూ తిరిగి సుమారు 19,000 వరి నమూనాలను సేకరింపజేశారు. ఆ సంపద నేడు రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం సంరక్షణలో ఉంది. 2002లో ఒక బహుళజాతి విత్తన సంస్థతో ఈ విశ్వవిద్యాలయం చేసుకున్న ఒప్పందంపై ప్రజాగ్రహం పెల్లుబికి, ఆ సంస్థ వెనుకకు తగ్గవలసి వచ్చిన చరిత్ర సుపరిచితమే. విత్తనాన్ని సరుకుగా కాక వారసత్వంగా చూసే దృష్టి ఈ నేలపై ఎంత బలమైనదో ఆ ఘటన నిరూపించింది.

ఆ వేల రకాల వరిని రైతులు కేవలం కడుపు నింపుకోవడానికే కాపాడుకున్నారా? కాదనడానికి దుబ్‌రాజ్, జీరాఫూల్, విష్ణుభోగ్ వంటి పేర్లే సాక్ష్యం. ఇవి పరిమళం కోసం నిలిచిన బియ్యం. జీరాఫూల్‌కు 2019లో, నగరీ దుబ్‌రాజ్‌కు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. తక్కువ దిగుబడి వచ్చినా, ఎక్కువ కాలం పొలంలో నిలిచినా, పండుగనాటి వంటకూ, అతిథి మర్యాదకూ, దేవుడి నైవేద్యానికీ అని రైతు కొంత చెక్క వీటికి విడిచిపెట్టాడు. అవసరానికీ అలంకారానికీ నడుమ గీత అన్నం గింజలోనే చెరిగిపోయింది. పేదవాడికి అందం అక్కరలేదనుకోవడం ధనవంతులు చేసే పొరపాటు. తండాలోని గోధుమ మొలకల బుట్ట, అద్దె ఇంటి వరండాలో డబ్బాలో నాటిన బంతి ఆ పొరపాటును తిప్పికొడుతూనే ఉన్నాయి. అందువల్ల పువ్వు నిరుపయోగమన్న ఆక్షేపణకూ నిలకడ లేదు. అయితే ఇక్కడ తేలినది ఒక్కటే: అందాన్ని కోరడం తప్పు కాదు. ఆ కోరిక ఎవరి ఖర్చుమీద తీరుతున్నదన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఆ ఖర్చు రెండు చోట్ల పడుతుంది. ఒకటి మొక్కపై, రెండవది వెలుతురు పుట్టిన చోట.

ముందుగా మొక్క సంగతి. 1880లో విలియం సీమెన్స్ అనే ఇంజనీరు ఇంగ్లండులో విద్యుత్ ఆర్క్ దీపాలతో మొక్కలు పెంచి, ఫలితాలను లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. పగలు సూర్యుడు, రాత్రి విద్యుద్దీపం వెలుగునిస్తే మొక్క నిరంతరాయంగా ఎదుగుతుందనీ, దానికి రోజులో విశ్రాంతి అక్కరలేదనీ ఆయన నిర్ధారణకు వచ్చాడు. యంత్రయుగానికి ఆ నిర్ధారణ ఎంతో ప్రీతిపాత్రమైనది. ఆ కాలపు కర్మాగారాలూ అదే సూత్రంపై రాత్రింబవళ్ళు నడిచేవి. కాని నలభై సంవత్సరాల తరువాత, 1920లో, గార్నర్, అల్లార్డ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక పొగాకు రకం వేసవి అంతా ఏపుగా పెరిగినా ఎందుకు పూయడం లేదని పరిశోధించి, పగటి నిడివే పూతను నిర్ణయిస్తున్నదని తేల్చారు. 1938లో హామ్నర్, బానర్ మరొక అడుగు ముందుకు వేశారు. మరులమాతంగి జాతి కలుపుమొక్కపై వారు చేసిన ప్రయోగాలలో, దీర్ఘమైన రాత్రి నడుమ కొద్దిసేపు దీపం వెలిగిస్తే చాలు, పూత ఆగిపోయింది. మొక్క లెక్కించేది పగటిని కాదు, రాత్రిని. అది కూడా తెగిపోని రాత్రిని.

చామంతి సాగు చేసేవారు ఈ సూత్రాన్ని చక్కగా ఉపయోగించుకుంటున్నారు. చామంతి పూయడానికి దీర్ఘరాత్రులు కావాలి. దక్షిణ భారతంలో కొన్ని ప్రాంతాల రైతులు చామంతి పొలంమీద బల్బుల తోరణాలు కట్టి, రాత్రిని చీల్చి, మొక్క పూతకు రాకుండా కొంతకాలం ఆపుతారు. మొక్క కావలసినంత ఎత్తు ఎదిగాక దీపాలు ఆర్పివేస్తారు. పెళ్ళిళ్ళ ముహూర్తాలకూ, పండుగ ధరలకూ పువ్వు సరిగ్గా అందివస్తుంది. రాత్రివేళ రహదారిపై ప్రయాణించేవారికి ఆ పొలాలు దీపావళిలా కనిపిస్తాయి. అక్కడ వెలుతురు వికసింపజేయడానికి కాదు, వికాసాన్ని నిలిపివేయడానికి వెలుగుతున్నది. చీకటి నుంచి వెలుగుకు సాగడమే ప్రగతి అని చెప్పుకొనే మనుష్యభాషకు ఇది ఒక సవరణ.

దీపం అరమీద ఉన్నంతవరకూ అది ఇంటివారి వ్యవహారం. వీధికెక్కితే ప్రజల వ్యవహారమవుతుంది. వీధిదీపాలకు దగ్గరగా ఉన్న పొలాల్లో వరి ఆలస్యంగా ఈనుతుందని జపాన్‌లో జరిగిన పరిశీలనలు వెల్లడించాయి. రాయ్‌పూర్ అక్షాంశం సుమారు 21 డిగ్రీలు. ఇక్కడ ఏడాదిలో అతి దీర్ఘమైన పగలు సుమారు 13 గంటల 20 నిమిషాలు, అతి హ్రస్వమైనది సుమారు 10 గంటల 50 నిమిషాలు. రెండింటి నడుమ రెండున్నర గంటలే తేడా. ఆ కొద్ది తేడాను పసిగట్టి, ఏ తేదీన నాటినా తన పూతను శరదృతువుకే సరిచూసుకొనే దేశవాళీ వరి రకాలు ఈ నేలలో తరతరాలుగా ఉన్నాయి. ఇంత సున్నితమైన గడియారం ఎదుట నగర సుందరీకరణ పేరిట చెట్ల బోదెలకు దీపాల తీగలు చుట్టి తెల్లవార్లూ వెలిగించడం ఎంత మోటు పని! ఇది ఖర్చులేని విషయం కనుక అధికార వ్యవస్థ సులభంగా సరిదిద్దగలది కూడా. ఆర్పివేయడానికి టెండరు పిలవనక్కరలేదు.

మొక్కకు బాధ తెలుస్తుందా అన్న చర్చకు ఇక్కడ పోనక్కరలేదు. ప్రతి జీవికీ తనదైన హితం ఒకటి ఉంటుంది. ఎదగడం, విరామం పొందడం, పూయడం, విత్తనం కట్టడం ఆ హితంలో భాగాలు. దానిని నెరవేర్చవచ్చు, భంగపరచనూ వచ్చు. బాధ తెలియకపోయినా భంగం భంగమే. ఇంటిలో నారు పెంచేవారు పద్నాలుగు గంటల వెలుతురుతో పాటు పది గంటల చీకటిని కూడా నియమంగా ఇస్తారు. ఆ పది గంటలు కేవలం విద్యుత్తు పొదుపు అనుకుంటే అది లెక్క మాత్రమే. మొక్క వంతు మొక్కకు ఇవ్వడమని గ్రహిస్తే అది ధర్మం.

ఇక రెండవ ఖర్చు. వెలుతురు ఎక్కడినుంచి వస్తున్నది? రాయ్‌పూర్‌కు ఈశాన్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో కోర్బా ఉంది. అక్కడి జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రం 1983లో తొలి యూనిట్‌తో ఉత్పత్తి ప్రారంభించి, 2,600 మెగావాట్ల సామర్థ్యానికి విస్తరించింది. పక్కనే ఉన్న గేవరా బొగ్గుగని ప్రపంచంలోని అతి పెద్ద గనులలో ఒకటి. ఆ బొగ్గు పొరలు ఏర్పడి సుమారు పాతిక, ముప్ఫై కోట్ల సంవత్సరాలయింది. భూగర్భశాస్త్రంలో ఆ పొరలకు గోండ్వానా అని పేరు. ప్రపంచమంతా వాడుకలో ఉన్న ఆ పేరు మధ్యభారతపు గోండుల నేల నుంచి వచ్చినదే. ఆ కాలంలో ఇక్కడి చిత్తడి అడవులలో గ్లాసాప్టెరిస్ వృక్షాలు విస్తారంగా ఉండేవి. అవి కూడా విత్తనాలు కట్టే వృక్షాలే. అవి ఆకులతో పట్టి దాచిన ఎండే బొగ్గుగా మారి, కొలిమిలో కాలి, తీగలలో ప్రవహించి, నేడు అరమీది పెటూనియా మొలకపై పడుతున్నది. కనుక దానిని కృత్రిమ కాంతి అనడం కూడా పూర్తిగా సరికాదు. అది చాలా పాత ఎండ. ఒకసారి ఖర్చయితే మళ్ళీ కూడబెట్టుకోవడానికి మానవజాతి కాలమానం చాలదు.

లెక్క చూడడం న్యాయం. ఇరవై వాట్ల ట్యూబ్‌లైట్లు రెండు, రోజుకు పద్నాలుగు గంటల చొప్పున ఆరు వారాలు వెలిగితే సుమారు 24 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు చొప్పున అది పదహారు, పదిహేడు కిలోల బొగ్గు. ఒక సాధారణ ఎయిర్‌కండిషనర్ రెండు వేసవి రాత్రులలో ఇంతే వాడుకుంటుంది. నిందించడానికి ఉత్సాహపడేవారు ఈ సంఖ్యను ముందుగా మనసులో పెట్టుకోవాలి. పూలనారు పెంచే ఇల్లాలినో, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడినో బోనెక్కించి, రాత్రంతా చల్లబరచిన ఖాళీ సమావేశ మందిరాలను వదిలివేయడం న్యాయం అనిపించుకోదు.

అయినా లెక్క చిన్నదని తేలినంత మాత్రాన ప్రశ్న ముగిసిపోదు. కోర్బా, సర్గుజా, సూరజ్‌పూర్ జిల్లాలలో వ్యాపించిన హస్‌దేవ్ అరణ్యం సుమారు 1,70,000 హెక్టార్ల సాలవనం. దాని గర్భంలోనూ బొగ్గే ఉంది. అక్కడి పర్సా తూర్పు–కేతే బాసన్ గనిలో 2013లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గు రాజస్థాన్ విద్యుత్ కేంద్రాలకు వెళుతుంది. 2021 అక్టోబరులో ఆ అరణ్యగ్రామాల ప్రజలు సుమారు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ చేరి తమ విన్నపాన్ని వినిపించారు. 2022 జులై 26న రాష్ట్ర శాసనసభ హస్‌దేవ్ ప్రాంతంలోని బొగ్గు బ్లాకుల కేటాయింపులు రద్దు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తరువాత కూడా చెట్లు నరికారు, నిరసనలు జరిగాయి. దేశానికి విద్యుత్తు కావాలన్న మాటా నిజమే, అడవిపై ఆధారపడినవారి బ్రతుకూ నిజమే. ఈ వివాదంలో తీర్పు చెప్పడం ఈ వ్యాసానికి మించిన పని. ఇక్కడ గమనించవలసినది దూరం. సర్గుజాలో సాలవృక్షం కూలిన చప్పుడు జైపూర్‌లో దీపం వేసుకొనేవారికి వినబడదు. కోర్బా బూడిద రాయ్‌పూర్ బాల్కనీ మొక్కల ఆకులపై రాలదు. నూనెదీపానికి ఈ దూరం లేదు. ప్రమిదలో చమురు తరిగిపోవడం వెలిగించినవారి కంటికి కనిపిస్తుంది. విద్యుద్దీపం వెలుతురును ఇచ్చి, వెలను కనబడకుండా చేస్తుంది. మీట నొక్కడంలోని సౌలభ్యం వల్ల మనిషి అదనంగా దుర్మార్గుడు కాలేదు. తన చర్య ఫలితాలు తనకు కనబడే అవకాశం మాత్రం కోల్పోయాడు.

ఎవరి వాటా వారికి స్వల్పమే అన్న తర్కం ప్రమాదకరమైనది. రాజుగారు ఊరి తొట్టిలో రాత్రివేళ తలా ఒక చెంబు పాలు పోయమంటే, అందరూ నీళ్ళే పోసిన కథ తెలుగునాట పిల్లలకు కూడా తెలుసు. ఆ కథలో ఏ ఒక్కరి చెంబూ తొట్టిని పాడుచేయలేదు. కాని తెల్లవారేసరికి అందులో పాలు లేవు. అయితే ఆ కథను తిరగవేసి కూడా చదవవచ్చు. ఒకడు నిజంగా పాలు పోసినా తొట్టి పాలతొట్టి కాదు. కనుక వ్యక్తి సంయమనం ఒక్కటే చాలదు, వ్యవస్థ సంస్కరణా కావాలి. 2022లో ఐరోపాలో ఇంధనధరలు విపరీతంగా పెరిగినప్పుడు నెదర్లాండ్స్‌లోని పూల, కూరగాయల పెంపకందారులు అనేకులు గాజుగృహాల దీపాలు తగ్గించుకున్నారు, కొందరు గృహాలనే ఖాళీగా ఉంచారు. ధర కనబడిన మరుక్షణం వివేకం మేల్కొన్నది. ధర కనబడకముందే మేల్కొనే వివేకానికే నీతి అని పేరు.

ఈ విచారణలో దీపాన్ని నిషేధించవలసిన అవసరం ఎక్కడా తేలలేదు. తేలినవి కొన్ని బాధ్యతలు. వాటిని చెప్పడానికి తెలుగువారికి పాత మాట ఒకటి సిద్ధంగా ఉంది. నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అంటారు. కష్టంలో ఉన్నవారిని ఓదార్చడానికి వాడే ఆ సామెతలో నారు పోసినవాడు దైవం. పుట్టించినవాడే పోషిస్తాడన్న భరోసా అందులో ఉంది. సూర్యుడి పనిని మనిషి తన చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ సామెతలోని కర్త మారిపోతాడు. అప్పుడది భరోసా కాదు, బాధ్యత. అడవిలో మొలిచిన విత్తనానికి మనిషి ఏమీ బాకీ లేడు. తన అరమీద, తన దీపం కింద, తన ఇష్టం కొద్దీ మొలిపించిన విత్తనానికి మాత్రం బాకీ ఉన్నాడు. ఒక జీవిని తనపై ఆధారపడేటట్లు చేసుకున్నవాడికి ఆ ఆధారాన్ని మధ్యలో లాగివేసే హక్కు లేదు.

ఆ బాకీ తీర్చే మార్గం మొక్కను ఎల్లకాలం దీపం కిందనే ఉంచుకోవడం కూడా కాదు. నారు పెంచేవారికి తెలిసిన ఒక నియమం ఉంది. గదిలో పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి. గదిలోని దీపకాంతి ఎంత ప్రకాశంగా కనిపించినా మధ్యాహ్నపు ఎండలో దాని వంతు అత్యల్పం. అందుకని మొదటి రోజు గంటసేపు నీడలో, తరువాత కొంత ఉదయపు ఎండలో, ఇలా వారం పది రోజులు అలవాటు చేసి, ఆపైన నేలలో నాటుతారు. ఆ రోజులలో మొక్క ఎదుగుదల కాస్త మందగిస్తుంది, కాడ గట్టిపడుతుంది. సంరక్షణకు పరమార్థం సంరక్షణ అక్కరలేని స్థితికి చేర్చడమే. బిడ్డను పెంచేవారికీ, శిష్యుడిని తీర్చిదిద్దేవారికీ, ప్రజలకోసం పథకాలు రచించేవారికీ ఈ వారం పది రోజుల ఓపిక అవసరమే. నీడలోనే ఉంచితే ఆధారం బానిసత్వమవుతుంది; అలవాటు చేయకుండా తోసివేస్తే స్వాతంత్ర్యం శిక్ష అవుతుంది. వానమబ్బు కమ్మిన నాలుగైదు వారాలకు దీపం, ఆకాశం తెరిపి ఇచ్చిన మరునాటి నుంచి సూర్యుడు. ఎండకు కొదవలేని రాయ్‌పూర్‌లో అంతకు మించి దీపం వాడితే అది అవసరం కాదు, అలవాటు.

మిగిలిన బాధ్యత పంపకానికి సంబంధించినది. చిటికెడు విత్తనం చల్లితే వందల నారు లేస్తుంది. ఇంటికి కావలసినది ఇరవై. తక్కినదానిని ఏం చేయాలి? ఎక్కువ ఇళ్ళలో దానిని పలుచన చేసి పారవేస్తారు. భోజలీ సంప్రదాయం ఇక్కడ ఒక దారి చూపుతుంది. నిమజ్జనానికి ముందు ఆడపిల్లలు కొన్ని మొలకలు తీసి ఒకరి చెవిలో ఒకరు తురుముకుంటారు. ఆ నాటినుంచి వారిద్దరూ ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు, భోజలీ అనే పిలుచుకుంటారు. కులమూ ఇంటి స్థితిగతులూ అడ్డురాని ఆ స్నేహబంధం జీవితాంతం నిలుస్తుంది. తొమ్మిది రోజుల ఆయుష్షు గల పసుపు మొలక, ఎన్నడూ పూయని మొలక, రెండు కుటుంబాలను తరతరాలకు కలుపుతున్నది. అది అంతటి పని చేయగలగడానికి కారణం పెంచినవారు దానిని తమకోసం దాచుకోకపోవడమే.

దీపం కింది నారుకూ ఆ యోగ్యత ఉంది. పదహారు కిలోల బొగ్గుతో ఒక్క బాల్కనీని అలంకరించవచ్చు. అదే బొగ్గుతో, అదే పళ్ళెంలోని నారుతో, వీధిలోని పది ఇళ్ళనూ, బడి ఆవరణనూ, ఆసుపత్రి గుమ్మాన్నీ అలంకరించవచ్చు. వెలుతురు ఖరీదు ఒక్కటే, దాని ఫలం పొందినవారి సంఖ్యలోనే తేడా. నగరపాలక సంస్థల నర్సరీలూ, వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఉద్యానశాఖలూ సెప్టెంబరులో ఒకే చోట దీపాల కింద నారు పెంచి పౌరులకు పంచితే, వందల ఇళ్ళలో వేర్వేరుగా దీపాలు వెలిగించనక్కరలేదు. పగటిపూట సౌరఫలకాలు పట్టిన ఎండనే ఆ దీపాలకు వాడితే, పాత ఎండను తవ్వవలసిన పని కూడా తగ్గుతుంది.

ఋతువు ఇవ్వనిదానిని కోరుకోవడం మనిషి స్వభావం. అందులో నేరం లేదు. కోరినది పొందిన తరువాత దాని రాత్రిని దానికి విడిచిపెట్టాడా, దాని వెలుతురుకు ఎవరు వెల చెల్లించారో విచారించాడా, తగిన సమయంలో దానిని ఎండకు అప్పగించాడా, మిగిలినది పొరుగువారికి పంచాడా అన్న నాలుగు ప్రశ్నలకు మాత్రం అతడు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. పెటూనియా పళ్ళానికే కాదు, బొగ్గుగనికీ, నగర నిర్మాణానికీ కూడా ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. అయితే వాటిని అభ్యాసం చేయడానికి పళ్ళెం మేలు. అక్కడ పొరపాటు జరిగితే ఎండిపోయేది కొద్దిపాటి నారు; నేర్చుకొని మళ్ళీ చల్లడానికి చిటికెడు విత్తనం చాలు. సాలవనం విషయంలో అటువంటి రెండవ అవకాశం ఒక తరానికి దొరకదు.